హైదరాబాదీ మాట, పాఠం 5: మళ్లీ మస్తే

ఈసారి "వద్దు" అనడానికి వాడే "నక్కో" చెప్పాలి. కానీ పోయిన పాఠంలో "మస్తు అంటే చాలా, బాగా" అని చెప్పి వదిలేస్తే, మీరు కనపడిన ప్రతి "బాగా"నీ పీకేసి అక్కడ మస్తును కూర్చోబెట్టారు. విజయవాడ నుంచి వచ్చి మాదాపూర్‌లో కొత్తగా చేరిన ఒకాయనైతే పొద్దున్నే టీమ్‌లో అమ్మాయిని "మస్తుగున్నారా?" అని పలకరించి, ఆమె ఎందుకు ముఖం తిప్పుకుందో చెప్పమని నన్నడుగుతున్నారు.

బాబూ, "బాగున్నారా"లో క్షేమమూ ఉంది, అందమూ ఉంది. మస్తులో క్షేమం లేదు. "మస్తుగున్నవ్" అంటే భలే ఉన్నావ్, అదిరిపోయావ్ అని. దోస్తు "ఎట్లున్నవ్ రా?" అంటే "మస్తున్న" అని జవాబు చెప్పొచ్చు, అది హుషారు. అంతేగానీ దాన్ని ప్రశ్నగా తిప్పి ఆడపిల్లనో, ఆస్పత్రి మంచం మీదున్న పెద్దాయననో అడిగితే తిట్లే. కుశలం అడగాలంటే ఇక్కడ "మంచిగున్నరా?" అనే మాట ఉంది, అది వాడండి.

మిగతావి తేలికే. మస్తు మంది వచ్చిన్రు, మస్తు ఆకలైతుంది, సినిమా మస్తుగుంది. "బిర్యానీ మస్తుంది" ఒక్కటే తికమక: పెళ్లిలో గరిటె పట్టుకున్నవాడు అంటే గంజులో ఇంకా బోలెడుంది, మొహమాటపడకుండా తిను అని, విస్తరి ముందున్నవాడు అంటే రుచి అదిరిందని. చేతిలో ఏముందో చూసి అర్థం చేసుకోవడమే.

పుట్టుక దగ్గర ఇద్దరు ముగ్గురు "మత్తు నుంచే మస్తు వచ్చింది" అని వాదించారు. కాదు. ఫారసీలో మస్త్ అంటే మత్తెక్కినవాడు. సంస్కృతంలో "మత్త" దానికి దాయాది, తండ్రి కాదు. రెండూ ఒకే పాత మూలం నుంచి చెరో దారిన వచ్చాయి. కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఇక్కడి దర్బారులో ఫారసీ నడిచింది, నిజాం సర్కారు 1884లో గానీ దాని స్థానంలో ఉర్దూను పెట్టలేదు. అట్లా ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీలోంచి మన నోట పడ్డాక దోస్త్ దోస్తు అయినట్టే చివర ఉకారం తగిలించుకుంది. దైవధ్యానంలో ఒళ్లు మరిచిన ఫకీరునూ మస్త్ అనే అంటారు. మగ ఏనుగుకు పట్టే మదాన్ని ఇంగ్లీషువాళ్లు "మస్త్" అనేదీ ఇదే మాట. నాకైతే ఆ ఏనుగు అర్థమే ఇష్టం, ఊళ్లో కుర్రాళ్ల బైకులు చూస్తే అదే గుర్తొస్తుంది.

అభ్యాసం: మెహిదీపట్నం నుంచి సికింద్రాబాద్ దాకా సిటీ బస్సులో వెళ్లండి. మెట్రో వద్దు, అందులో అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. వినపడిన ప్రతి మస్తునూ, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకుని, సంఖ్యా, తీవ్రతా, మెచ్చుకోలా అని విడదీయండి. ఏ గడిలోనూ ఇమడనివి ఉంటే నాకు పంపండి, "నక్కో" ఆ తర్వాతే.