మలావీ పల్లెల్లో మలేరియా పనికి వలంటీరుగా వస్తున్నారా?

దోమతెరల మూటలు మోసుకెళ్లి ఊరూరా పంచడమే తమ పని అనుకుని వచ్చే వలంటీర్లు చాలామంది ఉంటారు. ఆఫ్రికా దేశమైన మలావీలో తెరలు ఊళ్లకు ఎప్పుడో చేరాయి. ప్రభుత్వం దాదాపు మూడేళ్లకోసారి దేశమంతటా ఉచితంగా పంచుతుంది, గర్భిణులకు ఆసుపత్రిలోనే ఇస్తారు. ఇంటికి చేరిన తెర రాత్రి తొమ్మిదింటికి పిల్లల మీద ఉందా, లేక మూలన మడతపెట్టి ఉందా అన్నదే అసలు సంగతి. అది తెలియాలంటే ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని గడప దాటి లోపలికి రానివ్వాలి. దానికి టైం పడుతుంది. అందుకే రెండు వారాల సెలవులో వచ్చి పోదామనుకునేవాళ్లకు ఆ టికెట్ డబ్బేదో తెరలు కొనే సంస్థకు పంపమనే చెప్తాను. కనీసం మూడు నెలలు ఉండగలిగినవాళ్ల కోసమే ఈ సూచనలు.

సంస్థను ఎంచుకునేటప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి మురిసిపోకండి. జిల్లా ఆరోగ్య కార్యాలయానికి తెలిసే పనిచేస్తున్నారా, ఊళ్లో మమ్మల్ని ఏ హెచ్‌ఎస్‌ఏ దగ్గర పెడతారు అని అడగండి. హెచ్‌ఎస్‌ఏ అంటే హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్. మన ఆశా కార్యకర్త లాంటి మనిషే గానీ ప్రభుత్వ జీతం మీద ఉంటారు. టీకాలు, ఊరి క్లినిక్, చిన్నపిల్లలకు మలేరియా పరీక్ష, మందు అన్నీ వాళ్ల చేతిమీదుగానే జరుగుతాయి. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ సంస్థ వద్దు. రక్తపరీక్షకు వేలు గుచ్చే పని, మందులిచ్చే పని శిక్షణ లేని వలంటీరుకు అప్పగించే చోటు కూడా వద్దు. అన్నట్టు, టూరిస్టుగా వచ్చి వలంటీరు పని చేయడం కుదురుతుందా, వేరే పర్మిట్ కావాలా అన్నది సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే టికెట్ కొనండి.

బయల్దేరే ముందు

మలేరియా రాకుండా వేసుకునే మాత్రల విషయంలో మనవాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని క్లోరోక్విన్ తెచ్చుకోవడం. ఇక్కడి ఫాల్సిపారమ్ అనే ప్రమాదకర రకం మలేరియా క్లోరోక్విన్‌కు లొంగకపోవడంతో ఆఫ్రికాలో అందరికంటే ముందు 1993లోనే దాన్ని పక్కనపెట్టిన దేశం మలావీ. రెండోది, "చిన్నప్పుడు పాడేరులో పెరిగాను, నాకు చలిజ్వరం కొత్తా?" అన్న ధీమా. ఎప్పుడో వచ్చిన మలేరియా ఇచ్చిన రక్షణ ఏళ్లు గడిస్తే నిలవదు.

వాడేవి ప్రధానంగా మూడు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ వేసుకోవాలి. వచ్చేముందు ఒకటి రెండు రోజుల నుంచి మొదలుపెట్టి, తిరిగి వెళ్లాక ఏడు రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ చవక, అదీ రోజువారీ మాత్రే, కానీ వెళ్లాక నాలుగు వారాలు వేసుకోవాలి, పైగా ఎండకు చర్మం మండుతుంది. మెఫ్లోక్విన్ వారానికొకటి చాలు గానీ కొందరికి పీడకలలు, టెన్షన్ తెస్తుంది కాబట్టి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టి చూసుకోవాలి. మీకు ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి. మాత్రలు మాత్రం ఉన్నన్నాళ్లకూ సరిపడా ఇండియా నుంచే తెచ్చుకోండి.

ఆడిస్ అబాబా మీదుగా వస్తూ అక్కడ ఎక్కువసేపు ఆగాల్సి ఉంటే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడగొచ్చు. ఆ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, ప్రయాణానికి పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అత్యవసరమైతే వేరే దేశం ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇక్కడ ప్లగ్గులు బ్రిటిష్ రకం, మూడు చదరపు కాళ్లవి. సోలార్ లైటు, చొక్కాలో పట్టే టార్చి తప్పనిసరి.

ఊళ్లో అడుగుపెట్టాక

మొదటి రోజు పని గురించి ఎత్తొద్దు. హెచ్‌ఎస్‌ఏతో కలిసి ఊరి పెద్ద ఇంటికి వెళ్లండి. ఆయన్ని 'మ్‌ఫూము' అంటారు, ఆ పెద్ద ఆడమనిషి కూడా కావచ్చు. మధ్య మలావీలో చెవా వాళ్లది అమ్మ వైపు వంశం. పెళ్లయ్యాక మగాడే భార్య ఊరికి వచ్చి ఉండటం మామూలు. ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో అమ్మమ్మ మాట చెల్లే చోట, మగవాళ్లను కూర్చోబెట్టి దోమతెరల మీద మీటింగు పెట్టి వచ్చేస్తే పని అయినట్టు కాదు.

పలకరింపు తెగ సాగదీస్తారు, దాన్ని తుంచకండి. "ములి బ్వాంజీ?" (ఎలా ఉన్నారు?) అని వాళ్లంటే "న్‌దిలి బ్వినో, కాయ ఇను?" (బాగున్నాను, మరి మీరు?) అని మళ్లీ వాళ్లనూ అడగాలి. ఏదిచ్చినా రెండు చేతులా అందుకుని "జికోమో" (థాంక్స్) అనండి. పెద్దావిడ ఎవరైనా 'అమాయీ', పెద్దాయన 'అబాంబో'. ఆడవాళ్లు మోకాళ్ల కిందికి వచ్చేలా చితెంజె అనే రంగుల గుడ్డ చుట్టుకుంటారు. మన అమ్మాయిలు చుడీదార్ మీద ఒకటి చుట్టుకుంటే ఊళ్లో గౌరవమూ, కూర్చోవడానికి చాపా రెండూ దొరికినట్టే.

తరతరాలుగా ఇక్కడ కొట్లు నడుపుతున్న గుజరాతీల వల్ల ఇండియన్ అంటే ఊళ్లో షావుకారే. మిమ్మల్నీ 'అమ్వేన్యే', అంటే ఇండియన్ అంటారు, మీ కొట్లో పని ఇప్పించమని అడుగుతారు. నొచ్చుకోవద్దు. కొట్టు లేదని నాలుగుసార్లు చెప్పాలి, అంతే.

ఇంకో సంగతి. ఊళ్లో ఎవరైనా పోతే ఆ రోజు పని ఉండదు. సర్వే ఉన్నా, జిల్లా నుంచి అధికారి వస్తున్నా సరే, అంతా చావింటి దగ్గరే ఉంటారు. మీరూ వెళ్లి కూర్చోండి, తలా ఇంత వేసుకునే చందాలో మీ వంతూ వేయండి. వర్షాకాలంలో ఇలాంటి రోజులు ఎక్కువ. షెడ్యూలు పాడైందని గింజుకునే వలంటీరును ఊరు మర్చిపోదు.

తిండి, నీళ్లు, దారులు

రెండు పూటలా న్సీమా, అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన గట్టి సంకటి. భోజనానికి ముందు ఇంటివాళ్లు గిన్నె తెచ్చి చేతులమీద నీళ్లు పోస్తారు. కుడిచేత్తో ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి కూర అద్దుకోవాలి. మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. శాకాహారులకు చిక్కుడు గింజలు, వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూరలు దొరుకుతాయి. కారం చాలదనిపిస్తే నాలి అనే ఇక్కడి మిరప సాస్ ఉంది, గుంటూరు నాలుకను కూడా నిరాశపరచదు. కందిపప్పు, పసుపు లిలోంగ్వే ఏరియా 2లోని ఇండియన్ కొట్లలో కొనుక్కుని ఊరికి వెళ్లండి. ఒక్కటి గుర్తుంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని ఆకలి నెలలు. మలేరియా ఉధృతంగా ఉండేదీ అప్పుడే. ఆ రోజుల్లో ఎవరింట్లో భోంచేసినా మరుసటి రోజు ఓ కిలో పిండి పంపడం మర్యాద.

నీళ్లు కాచి తాగండి, లేదా క్లోరిన్ వేసి తాగండి. కలరా ఇక్కడికి కొత్త కాదు. మలావీ సరస్సు ఎంత అందంగా ఉన్నా ఒడ్డున రెల్లు ఉన్నచోట దిగొద్దు, నత్తల వల్ల బిల్హార్జియా అనే పురుగు జబ్బు అంటుకుంటుంది. 'బోమా' అని పిలిచే జిల్లా కేంద్రం దాకా మినీబస్సు వెళ్తుంది, నిండితేనే కదులుతుంది. అక్కడి నుంచి ఊరికి కబాజా అనే సైకిల్ టాక్సీ. చీకటి పడ్డాక రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి, లైట్లు లేని సైకిళ్లు, నడిచే జనం ఎక్కువ.

తెర దగ్గర

సలీమా, మంగోచీ వైపు సరస్సు ఒడ్డు ఊళ్లలో ఒక ఇల్లు తీసుకోండి. ఒకటే గది. పగలు అందులోనే కూర్చుంటారు, గోడవారగా మొక్కజొన్న బస్తాలు, రాత్రికి కోళ్లు కూడా లోపలికే. పడుకునేది నేలమీద చాప పరచుకుని. దోమతెర నాలుగు మూలల తాళ్లు కట్టడానికి మంచం కాళ్లు లేవు, మట్టిగోడకు మేకు నిలవదు. అందుకని పైకప్పు వాసాలకు పొడవాటి తాళ్లు వేలాడదీసి కట్టాలి. తెర అంచు చాప కిందికి చుట్టూ దోపాలి. పొద్దున్నే తెరను పైకి మెలితిప్పి ముడివేస్తేనే గదిలో నడవగలరు. రోజూ రెండుసార్లు ఈ పని చేసేది ఆ ఇంటి తల్లి. ముడి వేయడానికి చేతికి అందే ఎత్తులో తాడు కట్టారా లేదా అన్నది చూడండి. చాలా ఇళ్లలో తెర మూలకు చేరడానికి కారణం అవగాహన లేకపోవడం కాదు, ఆ తాడే.

కొత్త తెరను ప్యాకెట్ విప్పగానే కట్టేయకూడదు. ఒక రోజంతా నీడలో ఆరేయాలి, లేకపోతే తెరకు పట్టించిన దోమల మందు వల్ల మొహం చిరచిరలాడి పిల్లలు ఏడుస్తారు, ఇంక ఆ తెర జోలికే రారు. ఉతికినా నీడలోనే ఆరాలి, ఎండకు మందు పోతుంది. తెర లోపల ఎవరు పడుకున్నారో కూడా అడగండి. సాధారణంగా చంటిబిడ్డ, తల్లి ఉంటారు. బడికెళ్లే పిల్లలు, అంటే ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల వాళ్లు, తెర బయట చాపల మీద పడుకుంటారు. వాళ్లలో చాలామందికి జ్వరం లేకుండానే రక్తంలో మలేరియా క్రిమి ఉంటుంది, దోమకు అక్కడి నుంచే అందుతుంది. ఇద్దరికి ఒక తెర అన్న లెక్క ఆ ఇంట్లో సరిపోయిందా అని హెచ్‌ఎస్‌ఏకు రాసివ్వడం మీరు చేయగల మంచి పని.

తెరతో చేపలు పట్టడం కనిపిస్తే ఫొటో తీయకండి, అందరి ముందూ మందలించకండి. ఆకలి నెలల్లో ఇంట్లో ఏముందో చూడకుండా నీతులు చెప్పే హక్కు మనకు లేదు. తెరలోని మందు చేపలకు హాని చేస్తుందన్నది నిజమే. ఆ మాట ఊరి పెద్ద నోట, తీరిగ్గా వచ్చేలా చూడండి.

ఫ్రైడే-డ్రైడే ఇక్కడ పనిచేయదు

కుండీలు, కొబ్బరి చిప్పలు బోర్లించే ఫ్రైడే-డ్రైడే ఇక్కడా మొదలుపెడదామని మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు మొదట తోస్తుంది. అది డెంగీ దోమకు. మలేరియా మోసే అనాఫిలిస్ వర్షపు నీరు నిలిచిన గిట్టల గుంటల్లో, ఇటుకల కోసం తవ్విన గోతుల్లో, పొలం పల్లంలో గుడ్లు పెడుతుంది. డిసెంబరు వానల తర్వాత అవి లెక్కపెట్టలేనన్ని. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుంటలు తక్కువగా, చోటు మారకుండా ఉండి, సులువుగా కనిపెట్టగలిగే ప్రాంతాల్లోనే నీళ్లలో దోమ లార్వాలను చంపే పద్ధతిని సూచిస్తుంది. ఈ దోమ కుట్టేది ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక, ఇంటి లోపల. కాబట్టి మళ్లీ తెర దగ్గరికే రావాలి.

మలేరియా టీకా గురించి అడుగుతారు. ఆర్‌టీఎస్,ఎస్ టీకా 2019 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది మలావీలోనే. నాలుగు డోసులు, ఐదో నెల నుంచి. మొదటి మూడు డోసులకు బిడ్డను తెచ్చిన తల్లులు రెండేళ్లు నిండబోయే ముందు పడే నాలుగోదానికి తేవడం మర్చిపోతారు, ఆ గుర్తుచేసే పనిలో మీరు పనికొస్తారు. టీకా వేసినా తెర మానకూడదని కలిపే చెప్పండి. ఈ టీకా తయారీ బాధ్యత హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం 2021లో కుదిరింది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో. తీరిక దొరికినప్పుడు హెచ్‌ఎస్‌ఏలకు ఈ రెండూ చెప్పండి, మీరు కొట్టు పెట్టడానికి రాలేదని అప్పటికి నమ్మొచ్చు.

మీకే జ్వరం వస్తే

మాత్రలు వేసుకుంటున్నా, తెరలో పడుకుంటున్నా రావచ్చు. పారాసిటమాల్ వేసుకుని రేపు చూద్దామనుకోకండి, ఫాల్సిపారమ్ ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. అదే రోజు పరీక్ష చేయించుకోండి. కిట్‌తో పావుగంటలో తేలిపోతుంది. వస్తే ఇక్కడ 'ఎల్‌ఏ' అనే ఆర్టిమెథర్-లుమెఫాంట్రిన్ ఇస్తారు. మూడు రోజులు, ఆరు మోతాదులు, ఏదైనా కొవ్వున్న ఆహారంతో. రెండో రోజుకే హాయిగా అనిపించినా కోర్సు పూర్తిచేయండి.

ఇంటికి వెళ్లాక మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరు ముందు కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట మలావీ నుంచి వచ్చానని. లేకపోతే వైరల్ అనో, టైఫాయిడ్ అనో రెండు రోజులు గడిచిపోతాయి. రక్తపు చుక్కను గాజుపలక మీద చూసే మలేరియా స్మియర్ పరీక్ష మీరే అడిగి చేయించుకోండి, ఏ మాత్రలు ఎన్నాళ్లు వేసుకున్నారో ఆ చీటీ కూడా దగ్గర పెట్టుకోండి.