స్క్రీనింగ్ ప్లేటు పెట్టే ముందు జాగ్రత్తలు

మానవ గ్రాహకాన్ని (మందు వెళ్లి అతుక్కునే ప్రోటీన్) పురుగు కణాల్లో చేర్చి, గుంటల ప్లేటులో వాటి మీద మందులు పరీక్షించేవారికి ఇవి.

• ఎస్‌ఎఫ్9 అనే ఈ పురుగు కణాలకు 27–28 డిగ్రీలు కావాలి, కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. మే నెల భీమవరంలో గదిని నమ్ముకోకండి. చల్లబరిచే ఇంక్యుబేటర్, కరెంటు పోతే జనరేటర్ ఉన్నాయా చూసుకోండి. అలవాటు కొద్దీ 37లో పెడితే ప్లేటు పోయినట్టే. (మన మొక్కజొన్న తినే కత్తెర పురుగు అండాశయం నుంచి వచ్చిన కణాలే ఇవి!)

• మానవ గ్రాహకం చేర్చని కణాలూ అదే ప్లేటులో ఉండాలి. లేకపోతే మందు తగిలింది ఆ గ్రాహకానికో, పురుగు కణం సొంత గ్రాహకానికో తేలదు. నా లెక్కలో ఇది మానితే మిగతాదంతా దండగ.

• కీటక కణపొరలో కొలెస్టరాల్ తక్కువ. ఆక్సిటోసిన్ (కాన్పులో పనిచేసే హార్మోన్) గ్రాహకానికి కొలెస్టరాల్ లేకపోతే ఆ హార్మోన్ మీద పట్టు తగ్గుతుంది. ముందు తెలిసిన మందుతో సరిచూడండి.

• డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రవం) అన్ని గుంటల్లో సమానంగా ఉండాలి.

• ముసురు రోజుల్లో బూజు టెన్షన్! ఫ్లాస్కులు మైక్రోస్కోపు కింద చూశాకే మొదలుపెట్టండి.