మైపాడు ఇసుకలో డబ్బా దాచకండి

జియోకాషింగ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు, మనం ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతికి, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని మళ్ళీ ఉన్నచోటే పెట్టి వచ్చేస్తాం. 2000 మేలో అమెరికాలో మొదలైంది. మీ ఊరి చుట్టుపక్కల యాప్‌లో ఏమీ కనపడకపోతే ఇంకా మంచిది, మొదటిది మీరే పెట్టొచ్చు.

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో పెడదామనుకుంటే ముందు తాబేళ్ళ సంగతి తెలుసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, పుట్టగానే వెలుతురున్న వైపు పాకుతాయి కాబట్టి ఒడ్డున లైట్లు ఉంటే సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పోతాయి. మన తీరంలో అటవీశాఖ వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు, మత్స్యకారులు ఆ గుడ్లని ఏరి కంచె వేసిన హేచరీల్లో పాతి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంటారు. ఇంత జరిగే చోట మనం టార్చిలైటు పట్టుకుని ఇసుక తవ్వుతూ తిరిగితే ఎలా ఉంటుంది? అసలు గొయ్యి తవ్వి డబ్బా పాతకూడదని ఆట రూలే ఉంది.

అందుకని బీచ్‌లో ప్రశ్నలే పెట్టండి, డబ్బా ఊళ్ళో పెట్టండి. మల్టీ కాష్ అంటే ఇదే: ఒక చోట దొరికిన జవాబుతో తర్వాతి చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు తెలుస్తాయి. అంకెల కోసం ఎప్పటికీ మారనివి వాడండి, ప్రారంభోత్సవ శిలాఫలకం మీద సంవత్సరం లాంటివి (మన ఊళ్ళలో వాటికి కొదవా!). అంకెతో పని లేని ప్రశ్నలు కూడా కలపండి, సముద్రం వైపు తిరిగిన దీపాలు ఎక్కడున్నాయి, వలలో పడ్డ తాబేలుని ఎలా విడిపిస్తారో ఇక్కడి పెద్దాయన ఎవరినైనా అడగండి అని. నా లెక్కన ఆ రెండో ప్రశ్నే డబ్బా కన్నా విలువైంది.

డబ్బా టీకొట్టు పక్కనో బడి గోడ దగ్గరో, ఆ స్థలం వాళ్ళని అడిగాకే పెట్టండి. లోపలేముందో కనపడే ప్లాస్టిక్ డబ్బా అయితే మంచిది, మీద 'ఇది ఆట డబ్బా' అని తెలుగులో పెద్దగా రాయండి, లేకపోతే అనుమానమొచ్చి ఎవరైనా పోలీసులకి ఫోన్ చేస్తారు. రైల్వే స్టేషన్, కృష్ణపట్నం పోర్టు, శ్రీహరికోట వైపు అసలు వద్దు. తినేవి లోపల పెట్టొద్దు, చీమలూ కుక్కలూ చేరతాయి. ఇంకో డబ్బా 161 మీటర్లలోపు ఉండకూడదు. వానలయ్యాక వెళ్ళి పుస్తకం తడిసిందేమో చూసుకోవాలి, ఆ ఓపిక లేనివాళ్ళు పెట్టకపోవడమే మేలు.

నేలపట్టు లాంటి పక్షుల అభయారణ్యంలో అయితే డబ్బా ఆలోచనే మానుకోండి, అనుమతితో లోపలికి వెళ్ళి గూడబాతులు ఏ చెట్లమీద గూళ్ళు కట్టాయో చూసి రమ్మని ప్రశ్న ఇస్తే చాలు.

వెళ్ళేటప్పుడు ఒక గోనెసంచి తీసుకెళ్ళండి. తిరుగుతూ చెత్త ఏరుకురావడం కూడా ఈ ఆటలో భాగమే, ఒడ్డుకి కొట్టుకొచ్చిన తెగిన వల ముక్కలు మరీ ముఖ్యం, తాబేళ్ళు వాటిలోనూ చిక్కుకుంటాయి. తీసేముందు మాత్రం దగ్గర్లో ఉన్న వాళ్ళని అడగండి, అది ఎవరో ఎండబెట్టుకున్న వల కావచ్చు.