టీమ్‌ను నడిపించడం – 6వ పాఠం: తప్పు జరిగిన మర్నాడు

తప్పు బయటపడిన మొదటి గంటలో నష్టాన్ని ఎలా ఆపాలో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు మర్నాటి సంగతి. మంట ఆరింది కానీ టీమ్‌లో ఎవరూ తలెత్తి మాట్లాడటం లేదు. నిన్నటిదాకా నోటిమాటతో అయిపోయే పనికి కూడా ఈరోజు "ఒకసారి మెయిల్‌లో ఓకే అనండి సార్" అంటున్నారు. భయం ముందుగా ఇలాగే కనిపిస్తుంది.

చాలామంది లీడర్లు ఇక్కడ "జరిగిందేదో జరిగింది" అని ఊరుకుంటారు, లేదంటే అందరినీ భోజనానికి తీసుకెళతారు. భోజనం వద్దనను. కానీ అసలు సంగతి ఎత్తకుండా పెట్టే భోజనంలో అందరూ ప్లేటు వైపే చూస్తుంటారు.

ముందు అరగంట మీటింగ్ పెట్టండి. మొదటి మాట మీదే కావాలి, అందులో మీ వంతు తప్పు ఉండాలి. "టెస్టింగ్‌కు మీరు రెండు రోజులు అడిగితే నేను ఒక్కరోజే ఇచ్చాను" అన్నంత స్పష్టంగా చెప్పండి. "బాధ్యతంతా నాదే" అనే భారీ డైలాగు మాత్రం వద్దు. అంతా నాదే అంటే ఫలానాది నాది అని ఒప్పుకోనట్టే.

తర్వాత ప్రశ్నలు. "ఎవరు చేశారు?" అని ఎలాగూ అడగరు. "ఎందుకు చేశావు?" అని కూడా అడగకండి, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఆ టైమ్‌లో నీకు స్క్రీన్ మీద ఏం కనిపించింది?" అని అడిగి చూడండి. "రెండు విండోలూ ఒకేలా ఉన్నాయి, టెస్ట్ సర్వరే అనుకున్నాను" అని జవాబొస్తుంది. ఇక చేయాల్సిన పని దొరికినట్టే: లైవ్ సర్వర్ (కస్టమర్లు నిజంగా వాడేది) విండో రంగు మార్చాలి. అది ఆ రోజే మార్చేయండి. మీటింగ్‌లో చెప్పింది ఉత్తమాట కాదని టీమ్‌కు తెలిసేది అప్పుడే.

1999 సెప్టెంబరు 23న నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను పోగొట్టుకుంది. థ్రస్టర్ల (నౌక దిశను సరిచేసే చిన్న ఇంజన్ల) లెక్కలు ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇస్తే, వాటిని న్యూటన్-సెకన్లుగా తీసుకున్నారు. దాదాపు 4.45 రెట్ల తేడా. నాసా అంతరిక్ష విజ్ఞాన విభాగం అధిపతి ఎడ్వర్డ్ వైలర్ అప్పుడు బహిరంగంగానే చెప్పారు: మనుషులు పొరపాట్లు చేస్తారు, అసలు సమస్య ఆ పొరపాటు కాదు, దాన్ని పట్టుకోవాల్సిన మన తనిఖీలు పట్టుకోలేకపోవడం.

ఇక తప్పు చేసిన మనిషి. "పాపం, కొన్నాళ్లు తేలిక పని చేసుకోనీ" అని పక్కన పెడతాం. జాలితో పక్కన పెట్టినా, శిక్షగా పెట్టినా చూసేవాళ్లకు తేడా తెలియదు. దిద్దుబాటు పనిని అతనికే ఇవ్వండి, తోడుగా ఇంకొకరిని కూర్చోబెట్టండి. పూర్తయ్యాక టీమ్‌కు అతనే వివరించాలి. తప్పును దాచిపెట్టినవాళ్ల సంగతి వేరు, అది 7వ పాఠంలో.

తర్వాతి వారాల్లో చిన్న తప్పులు ఎక్కువగా మీ దృష్టికి వస్తే టెన్షన్ పడకండి. 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు మెరుగైన బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, భయపడకుండా చెప్పుకోవడం వల్ల అయ్యుండాలని ఆమె వివరించారు.

అభ్యాసం: మీ టీమ్‌లో ఈమధ్య జరిగిన ఒక తప్పులో మీ వంతు ఏమిటో మూడు వాక్యాల్లో రాయండి. ఇంకొకరి పేరు గానీ "కానీ" అన్న మాట గానీ ఉన్న వాక్యాన్ని కొట్టేయండి. ఏమీ మిగలకపోతే మళ్లీ మొదటినుంచి రాయండి.