కుండీలోని పామ్ మొక్కకు నీళ్లు ఎప్పుడు పోయాలి?

తిరుపతిలో చలి మొదలయ్యాక కూడా వాకిట్లోని అరెకా పామ్‌కు రోజూ చెంబెడు నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ. ఆ చల్లటి నెలల్లో దానికి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. అయినా వారాల లెక్క కన్నా వేలి లెక్క నయం: మట్టిలోకి 2 అంగుళాలు వేలు దించండి, తడి తగిలితే ఆ రోజుకు వదిలేయండి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా నిదానంగా పోయాలి. పైపైన తడిపితే కింది వేళ్లకు నీరందదు. పైగా బోరు నీటిలోని ఉప్పు మట్టిలోనే పేరుకుని ఆకుల కొసలు మాడతాయి. కుండీ అంచున కట్టే తెల్లటి పొర ఆ ఉప్పే. వాన నీళ్లు బకెట్లో పట్టి పోయగలిగితే మరీ మంచిది. కింది పళ్లెంలో నీళ్లు నిలవనీయకండి. ఏప్రిల్, మే ఎండల్లో వారానికి ఒకటి రెండుసార్లన్న లెక్క చెల్లదు. చిన్న కుండీ అయితే రోజూ పోయాల్సిందే, అదీ పొద్దున్నే.