డబ్బు మొత్తం వాపసు ఇవ్వనంటే: వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసే పద్ధతి

మొన్న మా జిల్లా వినియోగదారుల కమిషన్ (జనం కన్జ్యూమర్ కోర్టు అనేది ఇదే) ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఒకావిడ కనిపించారు. చేతిలో గ్రైండర్ బిల్లు. కొన్న నాలుగో రోజు నుంచే డ్రమ్ము కింద పిండి కారుతోందట. షాపాయన గ్రైండర్ వెనక్కి తీసుకున్నాడు గానీ, 11,500కి 8,000 చేతిలో పెట్టి, "వాడేసిన సరుకమ్మా, ఇంతకంటే రాదు" అన్నాడు. మిగతా 3,500 కోసం కేసు వేద్దామని వస్తే, ఆ జిరాక్స్ షాపు దగ్గరే తిరిగే ఒకాయన తగులుకున్నాడు. ఫీజు, టైపింగు, లోపల ఖర్చులు అన్నీ కలిపి 6,000 అవుతుందన్నాడు.

ఆ ఆరు వేలలో ప్రభుత్వానికి వెళ్లేది ఒక్క రూపాయి కూడా లేదు. కొన్న వస్తువుకు మీరు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజే లేదు. 5 లక్షలు దాటి 10 లక్షల వరకు 200 రూపాయలు, అక్కడి నుంచి 20 లక్షల వరకు 400. లెక్క కట్టేది మీరు చెల్లించిన ధరను బట్టి. మీరు అడిగే నష్టపరిహారంతో దానికి సంబంధం లేదు. లాయరు కూడా తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. "లోపల ఖర్చులు" అన్న మాట ఎవరి నోట వినపడినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. చీర రంగు ఇంటికొచ్చాక నచ్చలేదనో, పక్క షాపులో ఇంకా తక్కువకు దొరుకుతోందనో డబ్బు వాపసు అడిగితే చట్టం మీ వెనక నిలబడదు. అది ఆ షాపు ఇష్టం. వస్తువులో లోపం ఉంటేనో, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అయితేనో సంగతి వేరు. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కిందే లెక్కేస్తుంది. బిల్లు అడుగున ఎర్ర అక్షరాల్లో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉందని చాలామంది అక్కడే ఆగిపోతారు. లోపం ఉన్న వస్తువు విషయంలో ఆ ముద్ర షాపువాణ్ణి కాపాడదు. బిల్లే ఇవ్వకపోతే అది ఇంకో తప్పు. అప్పుడు యూపీఐలో డబ్బు వెళ్లిన వివరం, అందులో కనపడే షాపు పేరు, కొన్న రోజు వచ్చిన మెసేజ్ పనికొస్తాయి.

ఇంకో మాట, ఇది ఇవాళే చేయాల్సింది. ఇప్పుడు చాలా షాపులు ఇచ్చే బిల్లు నున్నటి కాగితం మీద వస్తోంది. పర్సులో పెట్టి ఎండలో తిరిగితే ఆరు నెలలకు తెల్ల కాగితం మిగులుతుంది. కొన్న రోజే ఫొటో తీసి, ఒక జిరాక్స్ కూడా తీయించి పెట్టుకోండి.

1915కి ఫోన్ చేయాలా అని చాలామంది అడుగుతారు. చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫోన్ ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి మీ ఫిర్యాదు పంపుతారు, పెద్ద కంపెనీలైతే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. కానీ హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. అక్కడ నంబరు ఇచ్చారు కదా, కేసు నడుస్తోందనుకుని ఏడాదిన్నర కూర్చున్నవాళ్లను చూశాను. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో ఫిర్యాదు పడాలి, హెల్ప్‌లైన్ నంబరు ఉందని ఆ గడువు ఆగదు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ముందు ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టాలి. 48 గంటల్లో అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాల్సిన బాధ్యత వాళ్లది. ఆ మెయిల్, వాళ్ల జవాబు రెండూ దాచుకోండి.

ఇక అసలు చిక్కు. బిల్లు ఉన్నవాళ్లు, వస్తువు ఫొటోలున్నవాళ్లు కూడా కమిషన్ దాకా వచ్చి ఇబ్బంది పడేది ఒక్క కాగితం దగ్గర. అది షాపుకు మీరు రాసిన ఉత్తరం. షాపువాడు నోటితో వందసార్లు కాదంటాడు, కాగితం మీద ఒక్కసారి కూడా కాదనడు. రేపు కమిషన్ ముందు "ఈవిడ మా దగ్గరకు రానేలేదు, వస్తే మార్చి ఇచ్చేవాళ్లం" అంటాడు. అప్పుడు మీ చేతిలో ఏముంటుంది? ఫిర్యాదుకు ముందు నోటీసు పంపి తీరాలని చట్టంలో లేదు. అయినా పంపని కేసు మొదటి వాయిదాలోనే బలహీనపడడం కళ్లారా చూశాను.

ఉత్తరానికి లాయరు లెటర్‌హెడ్ అక్కర్లేదు, ఇంగ్లీషే ఉండాలనీ లేదు. తెల్ల కాగితం మీద ఇంత చాలు:

"ఫలానా తేదీన మీ దుకాణంలో ఫలానా నంబరు బిల్లు మీద 11,500 రూపాయలకు గ్రైండర్ కొన్నాను. ఫలానా తేదీ నుంచి డ్రమ్ము కింద పిండి కారుతోంది. ఫలానా తేదీన తెచ్చి చూపించాను. మీరు వస్తువు వెనక్కి తీసుకుని 8,000 మాత్రమే ఇచ్చారు. మిగతా 3,500 ఇవ్వనన్నారు. లోపం ఉన్న వస్తువుకు పూర్తి ధర తిరిగి ఇవ్వాల్సింది మీరే. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆ మొత్తం నాకు పంపండి. లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను."

తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు, ఫేస్‌బుక్‌లో పెడతానన్న మాట అసలు వద్దు. ఆ 15 రోజులన్నది ఆనవాయితీయే, చట్టంలో రాసిన సంఖ్య కాదు. స్పీడ్‌పోస్టులో పంపి, రసీదు, చేరినట్టు చూపించే ట్రాకింగ్ పేజీ రెండూ ప్రింటు తీసుకోండి. వాట్సాప్‌లో కూడా అదే ఉత్తరం ఫొటో పెడితే నష్టం లేదు. జవాబు వస్తే అది మీకు సాక్ష్యం, రాకపోతే ఆ మౌనం కూడా మీకే ఉపయోగం.

ఈ ఉత్తరం వల్ల ఇంకో మేలుంది, అది చాలామందికి తట్టదు. ఎవరి మీద కేసు వేస్తున్నారో అప్పుడే తేలుతుంది. బోర్డు మీద అమ్మవారి పేరుతో హోమ్ నీడ్స్ అని ఉంటుంది. బిల్లు మీద ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంటుంది. యజమాని పేరు ఇంకోటి. బోర్డు చూసి కేసు వేస్తే నోటీసు "అలాంటి వారు లేరు" అని తిరిగొస్తుంది, మీకు రెండు మూడు వాయిదాలు పోతాయి. దీనికి మందు బిల్లులోనే ఉంది: జీఎస్టీ నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు 36 అయితే తెలంగాణలో, 37 అయితే ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన వ్యాపారం. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి వెతికితే చట్టపరమైన పేరు, వ్యాపార పేరు, చిరునామా కనిపిస్తాయి. ఉత్తరం మీదా, ఫిర్యాదులోనూ ఆ పేరే రాయండి, పక్కన బోర్డు మీది పేరు కూడా పెట్టండి. షాపువాడు "కంపెనీతో మాట్లాడుకోండి" అంటే వాదన పెట్టుకోకండి. మొదటి ప్రతివాదిగా షాపును, రెండో ప్రతివాదిగా తయారీ కంపెనీని చేర్చండి. వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు.

ఆ గ్రైండర్ ఆవిడ విషయంలో ఇంకో ముడి పడింది. 8,000 ఇస్తూ ఒక రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. ఏం రాసుందో ఆవిడ చదవలేదు. అలాంటి చోట "పూర్తిగా ముట్టింది, ఇక క్లెయిమ్ లేదు" అని ఉండే అవకాశం ఎక్కువ. సంతకం పెట్టినంత మాత్రాన దారి మూసుకుపోయినట్టే అనుకోనక్కర్లేదు, కానీ కేసు గెలవడం మాత్రం కష్టమవుతుంది. మీకు ఆ పరిస్థితి వస్తే సంతకం పైన మీ చేతిరాతతో "8,000 మాత్రమే, మిగతా 3,500 రావాలి" అని రాసి పెట్టండి. రాయనివ్వకపోతే డబ్బు తీసుకోకండి. డబ్బుకు బదులు అదే షాపులో ఇంకేదైనా కొనుక్కోమని క్రెడిట్ నోటు ఇస్తామన్నా అంతే, మీరు అడిగింది డబ్బు. వస్తువు వెనక్కి ఇచ్చే ముందు లోపం కనిపించేలా వీడియో తీయండి, ఇచ్చినట్టు కాగితం అడగండి. వస్తువు ఇంకా మీ ఇంట్లోనే ఉంటే వీధి మెకానిక్ చేత విప్పించొద్దు. సర్వీస్ సెంటరువాళ్లు వస్తే చూసింది, చేసింది రాసిచ్చే జాబ్ షీటు కాపీ తీసుకోండి. అందులో లోపం ఏమిటో రాశారో లేదో అక్కడికక్కడే చదవండి.

మిగతాది ఫారాల పని. 2025 జనవరి నుంచి ఫిర్యాదులు వేసే పోర్టల్ ఈ-జాగృతి. పాత ఈ-దాఖిల్ అందులోనే కలిసిపోయింది. మొబైలు, ఈమెయిల్‌తో రిజిస్టరై, వినియోగదారుడిగా లాగిన్ అయి, కమిషన్ ఎంచుకుని, వివరాలు నింపి, కాగితాలు పీడీఎఫ్‌గా ఎక్కించాలి. కట్టిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే. ఏ జిల్లా అన్న ప్రశ్నకు జవాబు సులువు: మీరు ఉండే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ వేయొచ్చు. పెళ్లి బట్టలు చెన్నైలో కొన్నా, గొడవొస్తే అక్కడి కోర్టులకే రావాలని బిల్లు మీద అచ్చేసి ఉన్నా, వరంగల్‌లో ఉండేవాళ్లు వరంగల్‌లో వేయొచ్చు.

ఎక్కించాల్సినవి ఇవీ: పేజీ నంబర్లతో విషయసూచిక, ఇరుపక్షాల పేర్లు చిరునామాలు, తేదీల వరుసలో జరిగింది చెప్పే ఫిర్యాదు, అందులో ఉన్నది నిజమని నోటరీ చేయించిన అఫిడవిట్, బిల్లు, ఉత్తరం, పోస్టు రసీదు, ఫొటోలు, మీ గుర్తింపు కార్డు. పరిశీలనలో వెనక్కి వచ్చేవి ఎక్కువగా చిన్న విషయాలకే. పేజీ నంబరు లేదనో, అఫిడవిట్‌లో ప్రతి పేజీ కింద సంతకం లేదనో, స్కానింగు మసకగా ఉందనో. అభ్యంతరం వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు, సరిచేసి మళ్లీ పంపడమే. దీనికి టెన్షన్ పడి దళారీ దగ్గరకు పరుగెత్తొద్దు. ఆన్‌లైన్‌లో వేసినా కాగితం సెట్లు కూడా కావాలని కమిషన్ అడగవచ్చు. ఎన్ని సెట్లో ఆఫీసు కౌంటరులో అడిగి తీయించండి.

ఫిర్యాదు చివర ఏం కావాలో అంకెల్లో రాయాలి. "న్యాయం చేయగలరు" అని వదిలేస్తే చాలదు. మిగిలిన 3,500, దాని మీద ఫలానా తేదీ నుంచి వడ్డీ, పడిన ఇబ్బందికి ఇంత, ఖర్చులకు ఇంత అని విడివిడిగా పెట్టండి. 3,500కి 5 లక్షలు పరిహారం అడిగితే మీ మాట బరువు తగ్గుతుంది తప్ప డబ్బు పెరగదు.

స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలుస్తారు, తర్వాత అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది. జవాబుకు 30 రోజులు, కావాలంటే ఇంకో 15. మధ్యలో రాజీకి పంపొచ్చు. షాపువాడు అక్కడే దిగొస్తే తప్పు లేదు, ఒప్పుకున్నది రాతలో ఉంటే చాలు. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సిన అవసరం లేని కేసు మూడు నెలల్లో తేలాలని చట్టం చెబుతుంది. నిజానికి వాయిదాలు పడతాయి, ఏడాది అయినా ఆశ్చర్యపోకండి. వీడియో కాల్‌లో హాజరవుతానని అడిగే వీలుంది. హాజరు కావడం మాత్రం మానకండి, మీరు రాకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది. అవతలివాళ్లు రాకపోతే వాళ్లు లేకుండానే విచారిస్తారు.

తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక 45 రోజుల్లో వాళ్లు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లొచ్చు, అయితే కట్టమన్న మొత్తంలో సగం ముందే జమ చేయాలి. 3,500 కోసం అంత దూరం వెళ్లే షాపు అరుదు. డబ్బూ కట్టక, అప్పీలుకూ వెళ్లకపోతే అదే కమిషన్‌లో తీర్పు అమలు కోసం పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ దశ దాకా వచ్చి తీర్పు కాగితాన్ని బీరువాలో పెట్టుకుని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఊరుకోకండి.

ఆవిడ ఆ రోజు దళారీకి ఏమీ ఇవ్వలేదు. ఉత్తరం ఆ జిరాక్స్ షాపు బల్ల మీదే రాసుకున్నారు, బిల్లులోని జీఎస్టీ నంబరు ఫోన్‌లో కొట్టి యజమాని పేరు పట్టుకున్నారు. స్పీడ్‌పోస్టుకు వంద రూపాయలు కూడా కాలేదు. ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని కనపడి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.