వానలు పడకముందే రాసుకోవాల్సిన పేర్లు

నేను అచ్చంపేట వైపు తండాలు తిరిగే ఏఎన్ఎంని. కొత్తగా చేరిన ఆశా చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నా.

ఆర్‌ఎస్‌వీ అనేది ఊపిరికి సంబంధించిన వైరస్ జబ్బు, మామూలు సర్దిలాగే మొదలవుతుంది. గట్టిగా ఉన్నవాళ్లకు వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. నెలల పిల్లలకు, దమ్ము (ఆయాసం జబ్బు) ఉన్న ముసలివాళ్లకు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకే మృగశిర కార్తెకల్లా ఎవరికి ముప్పు ఎక్కువో ఆ పేర్లు మీ దగ్గర ఉండాలి.

ముందు ఆరు నెలల లోపు పిల్లలందరినీ రాయండి. వాళ్లలో 37 వారాలు నిండకుండా పుట్టినవాళ్లు, రెండున్నర కిలోల లోపు బరువున్నవాళ్లు, గుండెలో రంధ్రం ఉందని డాక్టర్ చెప్పిన పిల్లల పేర్ల కింద ఎర్ర గీత పెట్టండి. పెద్దవాళ్లలో దమ్ము, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు. బీపీ, షుగర్ రిజిస్టర్ చూస్తే సగం పేర్లు దొరుకుతాయి. మిగతావాళ్లు పింఛన్ ఇచ్చే రోజు కనబడతారు.

రిజిస్టర్‌కు దొరకనివాళ్ల గురించే నా బాధంతా. పుణెలోనో ముంబైలోనో కాన్పయి, బిడ్డను నానమ్మ దగ్గర వదిలి మళ్లీ పనికి పోయినవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ బిడ్డ కార్డు మరాఠీలో ఉంటుంది. పక్కన పెట్టేయకండి. పుట్టినప్పటి బరువు, టీకాల తేదీలు చూసి రాసుకోండి. పనికి పోకముందే, పొద్దున్నే వెళ్తేనే ఇంట్లో మనిషి దొరుకుతుంది.

ఇక టీకాలు. ఆర్‌ఎస్‌వీకి మన ప్రభుత్వ పట్టికలో టీకా లేదు. గర్భిణికి టీకా గానీ, బిడ్డకు ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇంజెక్షన్ గానీ ఇవ్వాలని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ చెప్పింది. ఎర్ర గీత ఉన్న బిడ్డ తల్లిని ఆ ఇంజెక్షన్ గురించి పిల్లల డాక్టర్‌ను అడగమనండి. అప్పు చేసైనా వేయించమని మాత్రం ఒత్తిడి చేయకండి. ఉచితంగా ఉన్న పీసీవీ (న్యుమోకోకల్ టీకా) 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు తప్పకుండా పడాలి. అది ఆర్‌ఎస్‌వీని ఆపదు, వేరే రకం న్యుమోనియాను ఆపుతుంది. ఈ తేడా తల్లికి చెప్పండి. దమ్మున్న పెద్దవాళ్లకు ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, అది బయట కొనుక్కోవాల్సిందే. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే వేయించాలి.

పురుడు నాడు బిడ్డ ఎన్నో చేతులు మారుతుంది. సర్దున్నవాళ్లు ఎత్తుకోవద్దని మీరే అందరి ముందూ చెప్పండి. బాలింత కోడలు ఆ మాట అనలేదు.

ఊపిరి లెక్కపెట్టడం నానమ్మలకు నేర్పండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40 వచ్చినా, దాటినా దవాఖానకు పోవాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పని లేదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జాబితాలో ప్రతి పేరు పక్కన ఫోన్ నంబరు రాయండి. పుణెలో ఉన్న కొడుకుది కాదు, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తి బిడ్డతో బండెక్కే మనిషిది.